వండినవారు తినరాదు

ఎండీగారు జపాను వెళ్ళింది తొమ్మిది రోజులకే. తిరిగొచ్చాక మాత్రం ఆయన నడుము మామూలు స్థితికి రాలేదు. ఎవరెదురుపడినా వంగేవారు. అటెండరు ఫైలు అందిస్తే వంగేవారు. ఆ అటెండరు బెదిరిపోయి ఇంకా కిందికి వంగేవాడు. ఫైలు ఇద్దరి మధ్యా నేల మీద పడేది. తీరప్రాంత విందు వినోదాభివృద్ధి సంస్థలో ఆ వారమంతా జరిగిన పని ఇదే.

సోమవారం మీటింగులో ఆయన విషయం బయటపెట్టారు.

"మిత్రులారా, జపాను దేశమునందు అతిథి బల్ల ముందు కూర్చుని, తన చేపను తానే నిప్పుల మీద కాల్చుకొని భుజించును. తద్వారా అతిథికి ఆత్మగౌరవము, సంస్థకు వంటవారి కొరత లేకపోవుట, రెండునూ సిద్ధించును. సదరు విధానమును మన తీరమునకు తెచ్చుట చారిత్రక అవసరము."

చారిత్రక అవసరం అన్నాక కాదనేదెవరు? విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో, ఇసకకి ఆనుకుని, వెదురు తడికెలతో "ఉదయభాను జపాను గ్రిల్" లేచింది. కాగితం లాంతర్లు కట్టారు. మొదటి రోజు గాలికే అవి సముద్రం మీదికి ఎగిరిపోతే ప్లాస్టిక్‌వి కట్టారు. గేటు దగ్గర "సూర్యాస్తమయ విందు" అని బోర్డు పెట్టారు. మన సముద్రం తూర్పున ఉందనీ, సాయంత్రం సూర్యుడు అటు కుంగడనీ ఎండీగారితో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సూర్యుడు రోజూ వెనక కొండ మీద, సరిగ్గా మరుగుదొడ్ల వైపు అస్తమించేవాడు. అతిథులు సముద్రానికి వీపు పెట్టి ఆ వైపే చూస్తూ ఫొటోలు దిగేవారు.

అంతా సిద్ధమయ్యాక భద్రతా విభాగం వాళ్ళు ఒక ప్రశ్న వేశారు. అతిథి చెయ్యి కాలితే బాధ్యత ఎవరిది? ప్రశ్న ఫైలెక్కి, నాలుగు బల్లలు తిరిగి, చివరికి సూపరింటెండెంటు బొడ్డేపల్లి సన్యాసిరావు ముందుకొచ్చి ఆగింది.

సన్యాసిరావు సంగతి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన పెట్టిన ఏ నోటూ వెనక్కి రాలేదు. చీమ దూరే సందు కూడా ఉండదని ఆయన నోటుకి పేరు. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలుసునన్న సంగతి ఆయన నడకలో కనిపించేది.

ఆయన వంటశాలల నియమావళి తీశాడు. అందులో, సంస్థ ఆవరణలో నిప్పు మీద ఆహారం తయారుచేయు ప్రతి వ్యక్తియు వంటవాడే అని ఉంది. అతిథి నిప్పు మీద ఆహారం తయారు చేస్తున్నాడు. కావున అతిథి వంటవాడే. వంటవాడి చెయ్యి కాలడం వృత్తిలో భాగం, దానికి సంస్థ బాధ్యత లేదు. మూడు వాక్యాల్లో ఫైలు తేలిపోయింది. అతిథి వంటవాడయ్యాడు కనక వంటవాళ్ళకి వర్తించే నలభై రెండు నిబంధనలూ అతిథికి వర్తిస్తాయని కింద ఒక ముక్క చేర్చి, నియమావళి జతపరిచాడు.

టైపు అయి వచ్చాక ఒకసారి చదువుకున్నాడు. పదకొండో నిబంధన దగ్గర ఆయన పెన్ను ఆగింది. "వండినవారు తాము వండినదానిని తినరాదు." ఎప్పుడో పాత క్యాంటీనులో రొయ్యలు ప్లేట్లలోకి చేరకముందే మాయమవుతున్న రోజుల్లో పెట్టిన నిబంధన అది. ఇప్పుడు అతిథే వంటవాడైతే అతిథి తినకూడదు కదా అన్న అనుమానం ఆయనకి కలిగింది. కలగలేదని చెప్పలేం. కానీ అప్పటికి ఐదు కావస్తోంది, ఐదూ పదికి బస్సు. పెన్ను మూత పెట్టేశాడు.

ఎండీగారు ఫైలు చూసి పులకించిపోయారు. "ఇదీ జపాను క్రమశిక్షణ" అని రాసి సంతకం పెట్టారు.

గ్రిల్ తెరిచి మూడు నెలలైంది. జనం బాగానే వస్తున్నారు. నెలనెలా ఎండీగారికి వెళ్ళే నివేదికలో ఆఖరి గడి ఎప్పుడూ ఒకేలా ఉండేది. ఫిర్యాదులు: లేవు. చూశావా, పదకొండు కూడా సాఫీగా నడిచిపోతోంది, అనవసరంగా అనుమానపడ్డాను అని సన్యాసిరావు తనని తాను మెచ్చుకున్నాడు.

ఇలా ఉండగా ఆయన పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండే రోజు వచ్చింది. వారం ముందు, టీ గ్లాసు అందుకుంటూ, ఏం కావాలని భార్య నూకరత్నాన్ని అడిగాడు. పట్టుచీర అంటుందనుకున్నాడు.

"నాకు చీరా వద్దు, ఏటీ వద్దు" అంది నూకరత్నం. "ఒక్క పూట మీరూ నేనూ ఎదురెదురుగా కూచుని ఒకేసారి తినాలి. వేడివేడిగా. మధ్యలో నేను లేవకూడదు. అంతే."

"ఓస్, అంతేనా" అన్నాడు సన్యాసిరావు.

అన్నాడే గానీ, అలా ఎప్పుడు తిన్నామా అని వెతుక్కుంటే ఆయనకి ఒక్క పూట కూడా దొరకలేదు. ఇంట్లో ఆవిడ వడ్డిస్తుంది, ఆయన తింటాడు, ఆ తరవాత ఆవిడ చల్లారినది తింటుంది. హోటలుకి వెళ్ళిన రోజుల్లో పిల్లలకి తినిపించడంతోనే ఆవిడకి సరిపోయేది. పిల్లలు పెద్దవాళ్ళయి ఉద్యోగాలకి వెళ్ళాక ఇద్దరూ హోటలు ముఖమే చూడలేదు. సన్యాసిరావుకి మనసు చివుక్కుమంది. వెంటనే ఉత్సాహం కూడా వచ్చింది.

"మన గ్రిల్‌కే పోదాం రత్నం. వంజరం చేప ముక్కలు నేనే కాల్చి పెడతాను. నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదు."

ఆవిడ ఆయన్ని ఒక నిమిషం అలాగే చూసింది. "నిజంగానా" అంది. ఆ వారమంతా పక్కింటావిడకీ, పాలమ్మాయికీ, ఫోన్లో చెల్లెలికీ అదే చెప్పుకుంది, మా ఆయన వండి పెడతాడంట అని.

పెళ్ళిరోజు సాయంత్రం ఐదున్నరకి ఇద్దరూ గేటు దగ్గరికి చేరారు. బల్లకి ఒకరు వండడానికి, మిగతావాళ్ళు తినడానికి అక్కడ రెండు వరసలున్నాయి. "అతిథులు" అని ఒకటి, "తాత్కాలిక వంటవారు" అని ఒకటి. అతిథుల వరసలో అందరూ మగవాళ్ళు. వంటవారి వరసలో అందరూ ఆడవాళ్ళు. ఏ వరసకీ ఆడా మగా అని బోర్డు లేదు. అతిథుల వరసలో దగ్గు ఎక్కువగా వినిపిస్తోంది.

"ఈ దగ్గులేటండీ" అంది నూకరత్నం.

"సముద్రపు గాలి" అన్నాడు సన్యాసిరావు. ఆరో నిబంధన ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. దగ్గున్నవారు వంటకు అనర్హులు. అతిథిగా కూర్చోడానికి దగ్గు అడ్డం కాదు.

బల్ల వెనక విధుల అధికారి కోరాడ త్రినాథ్ కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నుదుటికి జపాను అక్షరాల పట్టీ కట్టుకున్నాడు. ముందున్న నియమావళి పుస్తకం అంచులు వాడివాడి నలిగిపోయాయి. త్రినాథ్ తల ఎత్తకుండానే, "సార్ అటు, అమ్మగారు ఇటు" అని గులాబీ రంగు ఏప్రాన్ నూకరత్నం చేతిలో పెట్టబోయాడు.

"నేను వండుతాను" అన్నాడు సన్యాసిరావు.

త్రినాథ్ అప్పుడు తల ఎత్తాడు. "మీరా సార్?"

"నేనే. ఏం?"

"అబ్బే, ఏం లేదు సార్. మగవారి ఏప్రాన్ స్టాకులో లేదు. మూడు నెలల్లో ఎవరూ అడగలేదు, అందుచేత ఇండెంటు పెట్టలేదు. దీంతోనే సర్దుకోవాలి. గోళ్ళు చూపించండి. దగ్గుందా సార్?"

ఆ మాట వినగానే సన్యాసిరావు గొంతులో సన్నగా గరగర మొదలైంది. దేవుడి మీద ఒట్టు, కావాలని తెచ్చుకున్నది కాదు, దానంతటదే వచ్చింది. దగ్గబోయాడు. పక్కనుంచి నూకరత్నం చూస్తోంది. మింగేశాడు.

"లేదు" అన్నాడు.

హాజరు పట్టీలో సంతకం చేయించుకుని, ఏప్రాన్ కట్టి లోపలికి పంపారు. వెనక నాడాలు ఆయన పొట్ట చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి అందుకోలేక వేలాడుతున్నాయి.

లోపల పదిహేను బల్లలు, ఒక్కోటి మోకాలెత్తు. బల్ల మధ్యలో నిప్పుల కుంపటి. సంస్థ కాగితాల్లో దాని పేరు బల్లలో అమర్చిన ఉష్ణోపకరణం. గాలికి బూడిద లేచి ఎవరి చట్నీలో పడాలో వాళ్ళ చట్నీలో పడుతోంది. నూకరత్నం చాప మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, హాయిగా సముద్రం వైపు చూసింది. ఆ ప్రాంగణంలో సముద్రం వైపు చూసిన మనిషి ఆవిడొక్కతే.

పక్కనే స్టూలు మీద ఎర్రయ్య కూర్చుని ఉన్నాడు. ఈ ఇసకలోనే ఇరవై ఏళ్ళు చేపల వేపుడు బండి నడిపిన మనిషి. గ్రిల్ కోసం బండి తీయించేసి, అతన్ని "పర్యవేక్షణ నిపుణుడు"గా నియమించారు.

"నాను ముట్టుకోకూడదు బాబూ" అన్నాడు ఎర్రయ్య, సన్యాసిరావు సాయం అడగకముందే. "సూడ్డవే నా డూటీ. అందరూ మాడ్సేస్తుంటే సూస్తూ కూకుంటున్నాను. దీనికి జీతవిస్తన్నారు."

సన్యాసిరావు వంజరం ముక్క కుంపటి మీద పెట్టి చాప మీద చతికిలబడబోయాడు. త్రినాథ్ పరిగెత్తుకొచ్చాడు.

"కూర్చోరాదు సార్. పద్నాలుగు. విధి నిర్వహణలో ఉన్న వంటవాడు అతిథి సమక్షంలో కూర్చోరాదు."

"మోకాలెత్తు బల్ల దగ్గర నిలబడి ఎలా కాల్చాలయ్యా?"

"వంగాలి సార్. జపాను పద్ధతి."

సన్యాసిరావు వంగాడు. పొగ నేరుగా కళ్ళలోకొచ్చింది. నూకరత్నానికి ఇంకా అర్థం కాలేదు. "పోనీ, కాల్చడం అయిపోయాక కూచోండి. ఇద్దరం తిందాం" అంది.

"తినరాదమ్మా" అన్నాడు త్రినాథ్ ఎంతో మర్యాదగా. "పదకొండు. వండినవారు తాము వండినదానిని తినరాదు."

"మరి ఆయన ఎప్పుడు తింటారు?"

"ఆ విషయమై నియమావళి ఏమీ చెప్పడం లేదమ్మా."

సన్యాసిరావుకి ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు ఒక్కసారి పనికొచ్చింది. "తాము వండినది అన్నారు కదా. ఆమెకి నేను వండుతాను, నాకు ఆమె వండుతుంది. ఎవరు వండింది వాళ్ళు తినడం లేదు. ఇప్పుడేమంటావు?"

త్రినాథ్ పేజీ తిప్పాడు. తిప్పాల్సిన అవసరం అతనికి లేదు, గౌరవం కోసం తిప్పాడు. "ఇద్దరూ వంటవారైతే సదరు బల్లకు అతిథి లేనట్టే సార్. అతిథి లేని బల్లకు చేప సరఫరా చేయరాదు. ఇరవై మూడు. ఈ పుస్తకం అతిథులకి కూడా వర్తిస్తుందని నోటు పెట్టిన మహానుభావుడెవరో గానీ సార్, ఎక్కడా సందు వదల్లేదు. రోజుకి ఒకసారైనా ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను."

ఆ పొగడ్తకి సంతోషించకుండా ఉండటానికి సన్యాసిరావు చాలా కష్టపడ్డాడు. పూర్తిగా వీలుపడలేదు. ఆయన మొహంలో మెరిసిన ఆ కాస్త మెరుపూ నూకరత్నం పట్టేసింది.

త్రినాథ్ వెళ్ళాక నెమ్మదిగా అడిగింది. "మీరేనా?"

"నోటు మాత్రమే పెట్టాను రత్నం. నిబంధన పాతదే."

"మనం ఇక్కడ కలిసి కూచుని తినకూడదని మీకు ముందే తెలుసా?"

"తెలుసనీ కాదు, తెలీదనీ కాదు. మూడు నెలలుగా ఒక్క ఫిర్యాదు రాలేదు. అందుచేత సర్దుకుపోయి ఉంటుందనుకున్నాను."

నూకరత్నం అప్పుడు చుట్టూ చూసింది. ప్రతి బల్ల దగ్గరా గులాబీ ఏప్రాన్ కట్టుకుని ఒక ఆడమనిషి వంగి ఉంది. ఎదురుగా భర్తో, మామగారో, కొడుకులో కూర్చుని తింటున్నారు. ఎక్కడా గొడవ లేదు. ఒకాయన ఖాళీ ప్లేటు ముందుకి తోసి, తోశానన్న ధ్యాస కూడా లేకుండా ఫోను చూసుకుంటున్నాడు. ఆవిడ ఇంకో ముక్క వేస్తోంది.

చాలాసేపు చూశాక నూకరత్నం సర్దుకుని కూర్చుంది.

"అయితే కాల్చండి" అంది. "నాకు ఆకలేస్తోంది."

మొదటి ముక్క మాడిపోయింది. రెండోది కుంపటికి అంటుకుపోయింది. మూడోదాని దగ్గర ఎర్రయ్య స్టూలు మీద నిలవలేకపోయాడు. "నాను సెప్పకూడదు గానీ తిప్పండి బాబూ. అదీ. ఇంకో పక్క. ఇక తీసీండి, తీసీండి" అన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ ముక్క నూకరత్నం ప్లేటులో పడింది. పొగలు కక్కుతోంది. ఆవిడ తుంచి, వేళ్ళు కాలితే చప్పున వెనక్కి తీసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంది. తన భార్య చేపముక్కని ఊదుకోవడం సన్యాసిరావు ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఊదుకోవాల్సినంత వేడిగా ఆవిడ ఎప్పుడూ తినలేదు మరి. ఆయనకి సంతోషం వేసింది, ఏడుపొచ్చింది. ఆకలి మాత్రం ఆ రెండిటికంటే ఎక్కువ వేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు నడుము పట్టుకుని.

"ఉప్పు తక్కువ" అంది ఆవిడ. "బాగుంది. ఇంకోటి వెయ్యండి."

పక్క బల్ల దగ్గర వంగి ఉన్నావిడ ఇదంతా చూస్తూనే ఉంది. చెమట తుడుచుకుని త్రినాథ్‌ని పిలిచింది. "ఇది మగవాళ్ళు కూడా కట్టుకోవచ్చాండీ?"

త్రినాథ్ నిజంగానే పేజీలు తిప్పాడు. "నియమావళిలో స్త్రీ పురుష ప్రస్తావన లేదమ్మా. విధుల అప్పగింత పత్రం నింపితే చాలు."

ఆవిడ పత్రం నింపి, ఏప్రాన్ విప్పి భర్త ఒడిలో పడేసి, ఆయన జాగాలో కూర్చుంది. ఆయన దగ్గాడు. "ఇప్పుడు దగ్గితే చెల్లదు సార్, పరీక్ష గేటు దగ్గరే" అన్నాడు త్రినాథ్. మూడో బల్ల, ఆరో బల్ల, తొమ్మిదో బల్ల. అప్పగింత పత్రాలు అయిపోతే తెల్లకాగితాల మీద రాసుకున్నారు. ఇరవై నిమిషాల్లో పన్నెండుమంది మగవాళ్ళు గులాబీ ఏప్రాన్లతో వంగి నిలబడ్డారు.

ఇరవై ఒకటో నిమిషంలో ఎవరో ఫిర్యాదుల పుస్తకం అడిగారు.

దానికి ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. త్రినాథ్ పళ్ళతో చింపి ఇచ్చాడు. నడుము నొప్పి అని ఒకరు రాశారు. కళ్ళమంట అని ఇంకొకరు. "తినడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి, ఎదుటివారు తింటుంటే చూడమనుట మానవత్వమా?" అని ఒక హెడ్మాస్టరుగారు అరపేజీ రాశారు. అంతవరకూ ఆయన ఎదుట గంటసేపు నిలబడిన భార్య ఆ వాక్యం మీదుగా తొంగిచూసి, మళ్ళీ రొయ్య నమలసాగింది. పుస్తకం పదో పేజీకి చేరేసరికి త్రినాథ్ ఎండీగారికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"మగ అతిథులా నిలబడినది?" అన్నారు ఎండీగారు. ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. "ఎంత ఘోరము. అతిథుల యొక్క నడుముల విషయమై సంస్థ తీవ్రముగా కలత చెందుచున్నది. పదకొండు, పద్నాలుగు నిబంధనలు తక్షణమే నిలుపుదల చేయడమైనది. వండినవారు కూర్చొనవచ్చును. తినవచ్చును. కోరినవారికి ఎర్రయ్యే వండి పెట్టవచ్చును."

మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

పన్నెండుమంది ఒక్కసారిగా కూలబడ్డారు. ఎర్రయ్య స్టూలు తన్నేసి కుంపటి మీదకొచ్చాడు. సన్యాసిరావు కూడా చాప మీద భార్యకి ఎదురుగా కూర్చున్నాడు. ఎర్రయ్య రెండు నిమిషాల్లో కాల్చి ఇచ్చిన ముక్క ప్లేటులోకొచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నారు, చేప వేడిగా ఉంది, ఎవరూ లేవనక్కర్లేదు. అన్నీ కుదిరాయి.

"తిను రత్నం" అన్నాడు.

"నా కడుపు నిండిపోయిందండీ" అంది నూకరత్నం. "మీరు ముక్కలు వేస్తూనే ఉన్నారు కదా, నేను తింటూనే ఉన్నాను. మీరు తినండి. నేను కూచుంటాను."

ఒక్క ముక్క తినమని బతిమాలాడు. నిజంగానే ఆవిడకి చోటు లేదు. ఆయన తింటుంటే ఆవిడ చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆఫీసులో రద్దు ఉత్తర్వు రాసే పని కూడా సన్యాసిరావుకే పడింది. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఏవేవో రాసి కొట్టేశాడు. చివరికి, "అతిథుల నుండి పెద్ద ఎత్తున ఫిర్యాదులు అందినందున రద్దు చేయడమైనది. అంతకుముందు మూడు నెలలు ఫిర్యాదులు అందనందున నిబంధన సక్రమముగా అమలైనదని భావించడమైనది" అని రాశాడు. ఎప్పటిలాగే సందు లేదు. ఎండీగారు చదివి, లేచి వంగి నమస్కరించారు.

ఒక కాపీ జేబులో పెట్టుకుని సాయంత్రం ఇంటికెళ్ళాడు. నూకరత్నం పొయ్యి దగ్గర మినపట్లు పోస్తోంది. ఆయన పీట వాల్చుకుని కూర్చుని కాపీ ఆవిడ చేతిలో పెట్టాడు. మెచ్చుకుంటుందని ఆశ. ఆవిడ పెనం మీద ఒక కన్నేసి, రెండో కంటితో చదివింది.

"ఫిర్యాదులు అందనందున సక్రమంగా ఉందనుకున్నారన్నమాట" అంది.

"అవును మరి. చెప్పకపోతే ఆఫీసుకి ఎలా తెలుస్తుంది రత్నం?"

"అదీ నిజమే" అంది నూకరత్నం, అట్టు తిరగేస్తూ. "నేను కూడా ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాసివ్వలేదు కదండీ."

అట్టు తీసి ఆయన కంచంలో వేసి, పెనం మీద ఇంకోటి పోసింది. సన్యాసిరావుకి ఆ మాట తగిలింది. గట్టిగానే తగిలింది. లేవాలనీ, అట్లకాడ తాను అందుకోవాలనీ, ఆవిడని ఇటొచ్చి కూర్చోమనాలనీ అనిపించింది కూడా. కానీ కంచంలో అట్టు వేడిగా ఉంది. ముందు దాన్ని తిన్నాడు. సిగ్గు ఆ తరవాత పడ్డాడు.